పుట్టుకల్లో దగ్గరయ్యాం, చావుల్లో ఇంకా దూరమే

ఇద్దరి కంటే ఎక్కువ మంది పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధన 1994 నాటి పంచాయతీరాజ్ చట్టంతో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ దాన్ని 2024లో తీసేసింది. తెలంగాణ మంత్రివర్గం కూడా ఎత్తేయాలని 2025 అక్టోబరులో నిర్ణయించింది. జనం పెరిగిపోతున్నారన్న భయంతో పెట్టిన నిబంధనకు కాలం చెల్లిందని రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నట్టే.

ఊళ్లల్లో మాట్లాడుకునే తీరు మాత్రం అంతగా మారలేదు. నల్లగొండలో చాయ్ హోటల్ దగ్గరైనా, జడ్చర్ల బస్టాండులోనైనా జనాభా మాట వస్తే చాలు, చర్చ వెంటనే పక్కవాళ్ల మీదికి పోతుంది. "వాళ్లు మస్తుగ కంటున్నరు, మనమే ఒకరిద్దరితోని ఆపుకుంటున్నం." ఒకరు ముస్లింల గురించి అంటారు, ఇంకొకరు తండాల గురించి అంటారు, ఢిల్లీ రాజకీయాలు తెలిసినవాళ్లు బిహార్, ఉత్తరప్రదేశ్‌ల గురించి అంటారు. అందరూ మాట్లాడేది పుట్టుకల గురించే. ఏ వర్గంలో ఎందరు ఏడాది నిండకుండా పోతున్నారు, ఎవరు అరవై చూడకుండానే పోతున్నారు అన్న లెక్క ఎవరూ తీయరు. నా దృష్టిలో ఇవాళ దేశంలో వర్గాల మధ్య మిగిలిన అసలైన తేడా అక్కడే ఉంది.

ముందు పుట్టుకల సంగతే చూద్దాం. ఈ లెక్కకు ఆధారం మొత్తం సంతాన సాఫల్య రేటు. ఇప్పుడు ఒక్కో వయసులో స్త్రీలు ఏ లెక్కన కంటున్నారో అదే లెక్క సాగితే, ఒక స్త్రీ తన జీవితంలో సగటున ఎందరిని కంటుందో ఇది చెబుతుంది. తల్లిదండ్రుల తరం స్థానంలో అంతే మంది రావాలంటే ఈ రేటు 2.1 దాకా ఉండాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటి విడతలో, అంటే 1992-93లో, దేశ సగటు 3.4. అయిదో విడత 2019-21లో జరిగింది. ఆరు లక్షల పైచిలుకు ఇళ్లు తిరిగి చేసిన ఆ సర్వేలో సగటు 2.0కి దిగింది. తెలంగాణలో 1.8.

మతాల వారీగా చూస్తే హిందువుల్లో అదే కాలంలో 3.3 నుంచి 1.94కు, ముస్లింలలో 4.4 నుంచి 2.36కు తగ్గింది. తేడా ఇంకా ఉంది, దాన్ని దాచాల్సిన పనిలేదు. కానీ ఒక్క బిడ్డ పైన ఉన్న తేడా అర బిడ్డ కంటే తక్కువకు వచ్చింది. మూడు దశాబ్దాల్లో ఎక్కువగా తగ్గింది కూడా ముస్లింలలోనే. కులాల వారీగా ఇంకా దగ్గరగా ఉంది. ఎస్టీల్లో 2.09, ఎస్సీల్లో 2.08, ఓబీసీల్లో 2.02, మిగతావారిలో 1.93. ఎస్టీలకూ అగ్రవర్ణాలు ఎక్కువగా ఉన్న ఆ చివరి వర్గానికీ మధ్య తేడా ఆరుగురు స్త్రీలకు ఒక బిడ్డ. తండాల్లో గంపెడు పిల్లలుంటారన్న మాట ఏనాటిదో!

అసలు తేడా వేరే చోట తేలుతుంది. బడి మొహం చూడని స్త్రీలలో ఈ రేటు 2.8, పన్నెండేళ్లు ఆపైన చదివినవాళ్లలో 1.8. అత్యంత పేద అయిదో వంతు కుటుంబాల్లో 2.6, అత్యంత సంపన్నుల్లో 1.6. రాష్ట్రాల మధ్య తేడా ఇంకా పెద్దది: బిహార్‌లో 3.0, సిక్కింలో 1.1. మతాన్నీ రాష్ట్రాన్నీ కలిపి చూస్తే చాయ్ హోటల్ వాదన నిలబడదు. బిహార్‌లో హిందూ స్త్రీల సగటు 2.9కి దగ్గరగా ఉంది. కేరళలో ముస్లిం స్త్రీల సగటు 2.3 కంటే తక్కువ. తమిళనాడు ముస్లింలలో రెండుకు లోపే. మతమే నిర్ణయించేదైతే బిహార్ హిందువు కేరళ ముస్లిం కంటే ఎక్కువ ఎందుకు కంటారు? ఆడపిల్ల ఎన్నేళ్లు బడికి పోయింది, ఏ వయసులో పెళ్లయింది, దగ్గరలో దవాఖాన ఉందా, పుట్టిన బిడ్డ దక్కుతుందన్న నమ్మకం ఉందా అన్నవే కాన్పుల సంఖ్యను నిర్ణయిస్తున్నాయి.

"మరి జనాభాలో ముస్లింల వాటా పెరిగింది కదా" అని అడుగుతారు. పెరిగింది. 1951లో 9.8 శాతం, 2011లో 14.2 శాతం. అరవై ఏళ్లలో దాదాపు నాలుగున్నర శాతం. అయితే ఆ పెరుగుదల వేగం పడిపోతోంది. 1991-2001 మధ్య ముస్లిం జనాభా 29.5 శాతం, హిందూ జనాభా 19.9 శాతం పెరిగాయి. తర్వాతి పదేళ్లలో ఆ అంకెలు 24.6, 16.8 అయ్యాయి. ఇవాళ పెరుగుతున్నట్టు కనిపించే వాటాలో చాలా భాగం నిన్నటి తరం కాన్పుల ఫలితం. అప్పుడు పుట్టిన ఆడపిల్లలు ఇప్పుడు తల్లులవుతున్నారు. ఒక్కొక్కరు ఇద్దరితో ఆపినా, తల్లుల సంఖ్యే ఎక్కువ కాబట్టి కొన్నేళ్లు పుట్టుకలు ఎక్కువే కనిపిస్తాయి. దేశం మొత్తానికీ ఇదే సూత్రం. సంతాన రేటు రెండుకు దిగినా, 2060ల తొలి ఏళ్ల దాకా భారత జనాభా పెరుగుతూ 170 కోట్ల దగ్గర ఆగుతుందని ఐక్యరాజ్యసమితి అంచనా.

వాటా మారడానికి పుట్టుకలు, చావులే కాకుండా మరో కారణం కూడా ఉంటుందని మన జిల్లాల చరిత్రే చెబుతుంది. లంబాడాలు ఆంధ్ర ప్రాంతంలో ముందు నుంచే షెడ్యూల్డ్ తెగ. తెలంగాణలో మాత్రం 1976 సవరణ చట్టం తర్వాతే ఆ జాబితాలోకి వచ్చారు. దాంతో 1981 జనాభా లెక్కల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఎస్టీ జనాభా ఒక్కసారిగా పెరిగి కనిపించింది. 1971, 1981 పట్టికలను మాత్రమే పక్కపక్కన పెట్టుకుని చూసినవాళ్లకు గిరిజనుల్లో కాన్పులు విపరీతంగా పెరిగాయనిపిస్తుంది. దేవరకొండ తండాల్లో ఎవరూ కొత్తగా అంతమందిని కనలేదు. ఉన్నవాళ్లే ఒక గడిలోంచి ఇంకో గడిలోకి మారారు. ఒక వర్గం సంఖ్య హఠాత్తుగా ఎగిరిందంటే, ముందు జాబితా మారిందా అని చూడాలి.

ఇక మన దగ్గర కాన్పులు ఎలా తగ్గాయి? ఇక్కడ కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే తగ్గిన తీరే మిగతా కథకు మూలం. 2011లో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, ఉమ్మడి రాష్ట్రంలోనే అట్టడుగు. చదువుతో కాన్పులు తగ్గుతాయన్న సూత్రం ప్రకారం పాలమూరు కాన్పుల్లో ఎక్కడో పైన ఉండాలి. అలా జరగలేదు. ఇక్కడ తగ్గించింది ప్రధానంగా ఆపరేషన్. అయిదో విడత సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన స్త్రీలలో పది మందికి ఆరుగురు పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ లెక్కలోకి తీసుకునేంత లేదు. 20-24 ఏళ్ల యువతుల్లో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు 23.5 శాతం.

ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో కొడంగల్ దగ్గరో, మక్తల్ దగ్గరో ఏ అంగన్‌వాడీ టీచర్ని అడిగినా చెబుతుంది. పదో తరగతితో బడి మానిన పిల్లకు పదిహేడేళ్లకు పెళ్లి. మరుసటేడు తొలి కాన్పు. రెండేళ్లు తిరిగేసరికి మలి కాన్పు. ఇరవై రెండు దాటకుండానే ఆపరేషన్. ఈ దారిలో నడిచిన ఊరికి సంతాన రేటు రెండుకు లోపే ఉంటుంది, కాగితం మీద కేరళ సరసన నిలబడుతుంది. కానీ ఆ తల్లి ఒళ్లు కేరళ తల్లి ఒళ్లు కాదు. తెలంగాణ స్త్రీలలో 57.6 శాతానికి రక్తహీనత ఉంది. ఎముకలు గట్టిపడే వయసులో రెండు కాన్పులు, వాటిలో చాలావరకు కోతతో. రాష్ట్రంలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశంలోనే ఎక్కువ. దేశ సగటు 21.5. కాన్పులు తగ్గించడానికి ఒక ఆపరేషన్ సరిపోయింది. పుట్టిన బిడ్డ బరువుగా, బలంగా పుట్టాలంటే తల్లి తిండి, తల్లి వయసు, రెండు కాన్పుల మధ్య ఎడం కావాలి. వాటిని ఏ క్యాంపులోనూ ఒక్కరోజులో ఇవ్వలేరు.

ఇలా అంటే తెలంగాణ సాధించినదాన్ని తక్కువ చేయడం కాదు. ఇంటి కాన్పులు దాదాపు పోయాయి, 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. ప్రసూతి మరణాలు 2014-16లో లక్ష కాన్పులకు 81 ఉంటే 2018-20 నాటికి 43కి తగ్గాయి. అప్పటి దేశ సగటు 97. శిశు మరణాలు 2020లో వెయ్యికి 21, 2023లో 18. ఆశ కార్యకర్తలు, ఏఎన్ఎంలు, 102 బండి డ్రైవర్లు కలిసి సాధించిన అంకెలివి, వాళ్లకు దక్కాల్సిన పేరు దక్కలేదు.

దేశం మొత్తం మీద కూడా చావులు గట్టిగానే తగ్గాయి. నమూనా నమోదు వ్యవస్థ లెక్కల్లో 1971లో వెయ్యి మంది శిశువుల్లో 129 మంది ఏడాది నిండకుండా పోయేవారు. 2023లో ఆ సంఖ్య 25. మన అమ్మమ్మల తరం "ఏడుగుర్ని కంటే నలుగురు దక్కిన్రు" అని మామూలుగా చెప్పేది. అలాంటి మాట ఇప్పటి తల్లి నోట వినం. ఆ నమ్మకం వచ్చాకే ఇద్దరితో ఆపే ధైర్యం వచ్చింది. ఆ వరస మరిచి కాన్పులను మాత్రమే లెక్కించడం వల్లే మన చర్చ పక్కదారి పడుతోంది.

అయితే చావుల లెక్క పుట్టుకల లెక్క కంటే మోసకారిది. 2020లో వెయ్యి జనాభాకు మరణాలు కేరళలో 7.0, బిహార్‌లో 5.4. కేరళ కంటే బిహార్‌లో బతుకు మేలని ఎవరైనా అనగలరా? కేరళలో ముసలివాళ్లు ఎక్కువ, బిహార్‌లో పిల్లలు, పడుచువాళ్లు ఎక్కువ. ముసలివాళ్లు ఎక్కువున్న చోట చావులు ఎక్కువే ఉంటాయి. కాబట్టి రెండు వర్గాలను పోల్చేటప్పుడు వెయ్యి జనాభాకు ఎన్ని చావులన్న మొత్తం రేటు దాదాపు పనికిరాదు. వయసు వారీగా చూడాలి: ఏడాది లోపు ఎందరు, అయిదేళ్ల లోపు ఎందరు, పదిహేను నుంచి అరవై మధ్య ఎందరు.

పాలమూరులో ఈ చిక్కు ఇంకొంచెం ముదురుతుంది. పంటలయ్యాక మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకుని పుణె, ముంబై పనులకు బతకపోయే ఊళ్లలో మిగిలేది ముసలివాళ్లు, బడి పిల్లలు. అలాంటి గ్రామ పంచాయతీలో జనన మరణాల రిజిస్టరు తెరిస్తే ఊరు అంతరించిపోతోందేమో అనిపిస్తుంది. మరణాలు పేజీల కొద్దీ ఉంటాయి, జననాలు ఒకటీ అరా. దీనికి కారణం చట్టంలోనే ఉంది. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం, సంఘటన ఎక్కడ జరిగితే అక్కడే 21 రోజుల్లో నమోదు చేయాలి. ఊరి కోడలు మహబూబ్‌నగర్‌లోనో హైదరాబాద్‌లోనో ప్రసవిస్తే ఆ బిడ్డ ఆ పట్టణం రిజిస్టరులో పుడుతుంది. ఊళ్లో మంచాన పడి పోయిన తాత ఊరి రిజిస్టరులో పోతాడు. ఆస్పత్రి కాన్పులు పెరిగిన కొద్దీ పల్లె రిజిస్టరులో జననాలు మాయమవుతాయి. ఈ రిజిస్టర్లను చూసి ఏ వర్గం పెరుగుతోందో, ఏది తరుగుతోందో తేల్చేవాళ్లు పొరబడక తప్పదు.

రిజిస్టరులో మరణాలన్నీ సమానంగా పడవు కూడా. 2018లో రైతు బీమా వచ్చాక, 18 నుంచి 59 ఏళ్ల మధ్య పట్టా ఉన్న రైతు చనిపోతే కుటుంబానికి అయిదు లక్షలు వస్తాయి, దానికి మరణ ధ్రువీకరణ పత్రం కావాలి. కాబట్టి ఆ చావు నమోదవుతుంది. భూమి లేని కూలీ, ఆయన భార్య, ముఖ్యంగా పుట్టింట్లో పురుటికి వచ్చిన కోడలు కన్న నాలుగు రోజుల పసికందు పోతే కాగితం కోసం పంచాయతీ కార్యదర్శి దగ్గరికి ఎవరు పోతారు? పసిబిడ్డ చావును బయటికి చెప్పుకోని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇక చావుకు కారణం వైద్యుడు ధ్రువీకరించేది దేశంలో నమోదైన మరణాల్లో పావు వంతు కూడా ఉండదు. మిగతావన్నీ "గుండె ఆగింది", "పానం బాగలేకుండె" అన్న మాటలతోనే ముగుస్తాయి. అందుకే ఇంటింటికీ తిరిగి, తల్లులను కూర్చోబెట్టి అడిగే సర్వేలు తప్ప వర్గాల తేడా చూడ్డానికి మనకు నమ్మకమైన దారి లేదు.

ఆ సర్వే ఏం చెబుతోంది? అయిదో విడతలో వెయ్యి మంది శిశువులకు ఏడాది లోపు మరణాలు ఎస్టీల్లో దాదాపు 42, ఎస్సీల్లో దాదాపు 41, ఓబీసీల్లో 34, మిగతావారిలో 30 లోపు. పైన సంతాన రేట్ల వరుసను గుర్తుచేసుకుంటే, 2.09కీ 1.93కీ మధ్య తేడా నూటికి ఎనిమిది. ఇక్కడ తేడా నూటికి నలభై పైన. మాదిగవాడలోనో తండాలోనో పుట్టిన బిడ్డ, పెద్ద కులం ఇంట్లో పుట్టిన బిడ్డ కంటే అంత ఎక్కువ ప్రమాదంతో మొదటి పుట్టినరోజు వైపు నడుస్తోందని ఈ జాతీయ సగటు చెబుతోంది. కాన్పుల్లో అందరూ ఒక్క తీరుకు వచ్చాక కూడా ఈ తేడా ఇంతగా మిగిలి ఉండడం నన్ను కలవరపెడుతుంది.

పేదరికమే కారణమా? కొంతవరకే. సంగీతా వ్యాస్, పాయల్ హాథీ, ఆశిష్ గుప్తా 2022లో ప్రచురించిన అధ్యయనం ఉత్తర, మధ్య, తూర్పు భారతంలోని తొమ్మిది రాష్ట్రాల ఆయుర్దాయాన్ని పోల్చింది. తెలంగాణ అందులో లేదు. అగ్రవర్ణ హిందువుల కంటే ఆదివాసులు నాలుగేళ్లకు పైగా, దళితులు మూడేళ్లకు పైగా, ముస్లింలు సుమారు ఏడాది తక్కువ బతుకుతున్నారని తేలింది. ఆస్తిపాస్తుల తేడా ఈ దూరంలో సగం కూడా వివరించలేకపోయింది. మిగతాది వాడ ఊరికి ఎటు దిక్కున ఉంది, బోరు ఎక్కడ పడింది, దవాఖానలో ఎవరిని ఎలా పలకరిస్తారు, ఏ పని ఎవరి చేత చేయిస్తారు అన్నవాటిలో ఉంది. మ్యాన్‌హోల్‌లోకి ఏ కులం మనిషి దిగుతాడో మనందరికీ తెలుసు.

ముస్లిం పిల్లల విషయంలో పరిశోధకులను చాలాకాలం ఆశ్చర్యపరచిన సంగతి ఒకటుంది. సగటున హిందువుల కంటే పేదలై ఉండి కూడా వాళ్లలో శిశు మరణాలు తక్కువగా ఉండేవి. మైకేల్ గెరూసో, డీన్ స్పియర్స్ అనే ఆర్థికవేత్తలు దీనికి మరుగుదొడ్లలో జవాబు వెతికారు. ముస్లిం కుటుంబాలు, వాళ్ల ఇరుగుపొరుగు, బహిర్భూమికి ఆరుబయటికి పోవడం తక్కువ. చుట్టుపక్కల శుభ్రంగా ఉంటే పక్కింటి హిందూ బిడ్డ కూడా బతుకుతోంది. పిల్లల ప్రాణాల విషయంలో మతం కంటే వాడ ముఖ్యమన్నమాట.

మన జిల్లాల్లో ఎస్టీ అన్న ఒక్క గడిలో రెండు వేరు వేరు ప్రపంచాలు ఇమిడి ఉన్నాయి. సంఖ్యలో పెద్దవాళ్లు లంబాడాలు. వాళ్ల తండాలు చాలావరకు ఇప్పుడు గ్రామ పంచాయతీలు, పిల్లలు కాలేజీలకు వస్తున్నారు. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్, లింగాల మండలాల్లో నల్లమల లోపల ఉన్న చెంచులు సంఖ్యలో చిన్నవాళ్లు. ప్రభుత్వం ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహంగా గుర్తించిన తెగ. అప్పాపూర్ లాంటి పెంటల (చెంచుల చిన్న గూడేల) నుంచి పురిటి నొప్పులు పడే మనిషిని రోడ్డు దాకా తేవడమే ఒక ప్రయాణం. క్షయ, రక్తహీనత, సారా వాళ్లను నడివయసులోనే తీసుకుపోతున్నాయి. పెంటలో కొన్ని ఇళ్లే ఉంటాయి కాబట్టి ఒక ఏడాది ఇద్దరు బిడ్డలు పోతే రేటు ఆకాశానికి ఎగురుతుంది, మరుసటేడు ఎవరూ పోకపోతే సున్నా అవుతుంది. దాంతో ఏ పట్టికా చెంచుల బాధను స్థిరంగా చూపించదు. ఎస్టీ సగటు బాగుపడిన ప్రతిసారీ వాళ్లు ఆ సగటు వెనక మరింత కనపడకుండా పోతారు.

ఆడపిల్లల గురించి కూడా ఒక మాట చెప్పాలి. మామూలుగా వెయ్యి మంది మగపిల్లలకు 950 మంది దాకా ఆడపిల్లలు పుట్టాలి. అయిదో విడత సర్వేలో తెలంగాణలో పుట్టింది 894. దేవరకొండ, చందంపేట తండాల్లో పసి ఆడపిల్లలను అమ్ముకున్న వార్తలు రెండు దశాబ్దాల కింద దేశమంతా మారుమోగాయి, తండాలకు చెడ్డపేరు తెచ్చాయి. ఈ లోటు మాత్రం తండాల్లో పుట్టింది కాదు. స్కానింగుకు డబ్బు పెట్టగలిగినవాళ్లు లేకుండా రాష్ట్రమంతటా ఇంత తేడా రాదు. పేదింటి బిడ్డ పోతే పోలీసు కేసయింది, ఉన్నవాళ్ల బిడ్డ పుట్టకుండానే పోతే ఏ లెక్కలోనూ పడలేదు.

కాన్పులు తగ్గించుకున్నందుకే నియోజకవర్గాల పునర్విభజనలో దక్షిణాదికి సీట్లు తగ్గుతాయన్న ఆందోళన న్యాయమైనదే. 1971 జనాభా ఆధారంగా స్తంభింపజేసిన సీట్ల లెక్క 2026 తర్వాత జరిగే జనగణనతో మళ్లీ తెరుచుకుంటుంది. ఆ భయంతో మళ్లీ ఎక్కువ మందిని కనమని చెప్పే నాయకులు పుట్టిన బిడ్డ బతికే సంగతి గురించి అంతే గట్టిగా మాట్లాడితే నేను సంతోషిస్తాను. ఎక్కువ మందిని కనే భారం ఎలాగూ పడేది పాలమూరులో రక్తహీనతతో ఉన్న ఇరవై ఏళ్ల తల్లి మీదే.

తర్వాతి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. స్వతంత్ర భారతంలో మొదటిసారి అన్ని కులాల గణనా అందులో ఉంటుంది. అందరూ ఎదురుచూస్తున్నది ఏ కులం ఎంత శాతమన్న ఒక్క అంకె కోసమే. తెలంగాణ 2024 నవంబరులో చేసిన సర్వే బీసీలు 56.33 శాతమని చెప్పినప్పుడు కూడా చర్చంతా దాని చుట్టే తిరిగింది. కానీ 2011 జనగణనలో పెళ్లయిన ప్రతి స్త్రీనీ ఇంకో రెండు ప్రశ్నలు అడిగారు: ఎందరిని కన్నావు, అందులో ఎందరు బతికున్నారు? ఈ ప్రశ్నలను ఈసారీ అడిగి, వాటి జవాబులను కులం గడితో కలిపి మండలాల వారీగా విడుదల చేస్తే, మర్రిగూడలో మాదిగ తల్లులు కన్నవారిలో ఎందరు దక్కారో, అమ్రాబాద్‌లో చెంచు తల్లులకు ఎందరు దక్కారో సర్వే నమూనాల అవసరం లేకుండానే తెలుస్తుంది. కులాల శాతాల పట్టికతో పాటు ఆ పట్టికనూ బయటపెట్టమని జనగణన మొదలవకముందే మన ఎమ్మెల్యేలను, ఎంపీలను అడగాలి.